మిక్సీ తిరుగుతోంది సరే, బాడీ చూశారా?

2024 సెప్టెంబర్ ఒకటో తేదీన బుడమేరు వాగు చెప్పాపెట్టకుండా విజయవాడ ఇళ్లలోకి వచ్చేసింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రికల్లో కింది వాటాలు మునిగిపోయాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. నీళ్లు తీశాక వీధి వీధినా తడిసిన పరుపులు, బియ్యం బస్తాల పక్కన మిక్సీలు, గ్రైండర్లు, కూలర్లు, టేబుల్ ఫ్యాన్లు బారులు తీరాయి. అన్నిటికీ ఒకే రంగు, బురద రంగు.

ఆ నెలలోనే ప్రభుత్వం సాయం ప్రకటించింది. కింది వాటాలో మునిగిన కుటుంబానికి 25 వేలు, పై అంతస్తుల వారికి పది వేలు. పాతిక వేలలో ఫ్రిజ్ కొంటే వాషింగ్ మెషీన్ రాదు, రెండూ కొంటే పరుపు రాదు. అందుకే చాలా ఇళ్లు కొత్తవి కొనడం మాని రిపేరు దారి పట్టాయి. బెజవాడలో రిపేరు అంటే కాళ్లు తెలియకుండానే వన్ టౌన్ వైపు నడుస్తాయి. కాళేశ్వరరావు మార్కెట్ వెనకో, పంజా సెంటర్ దాటాకో, రెండు మోటార్ సైకిళ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిన సందులో, బల్ల వెయ్యడానికి చోటున్నంత కొట్టు. పైన దండగా వేలాడే పాత కాయిళ్లు, కింద డబ్బాల నిండా కార్బన్లు, కప్లర్లు, బుష్‌లు.

అలాంటి బల్ల దగ్గర మొదట వినపడే ప్రశ్న ఒకటే.

"ప్లగ్గు పెట్టి చూశారామ్మా?"

"చూశాం బాబూ. గర్రుమని ఆగిపోయింది."

"పెట్టకుండా తెచ్చుంటే తక్కువలో పోయేది. ఇప్పుడు వైండింగే పోయింది."

ఈ ముక్క ముందే తెలిసుంటే ఎన్ని మోటార్లు బతికేవో. మోటారు వైండింగ్‌లోని రాగి తీగ మీద సన్నటి వార్నిష్ పూత ఉంటుంది. ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య అడ్డం అదొక్కటే. నీళ్లు తగిలినంత మాత్రాన ఆ పూత పోదు. కానీ వరద నీళ్లంటే ఉత్త నీళ్లు కావు, మట్టి, ఉప్పులు, మురుగు కలిసినవి. అవి చుట్టల మధ్య చేరి ఉండగా 230 వోల్టులు ఇస్తే, పూత ఎక్కడ పలచబడిందో అక్కడ నిప్పు రేగుతుంది. మునిగినప్పుడు బతికిన మోటారు స్విచ్ వేసినప్పుడు చస్తుంది.

పనితనం తెలిసిన మెకానిక్ ఏం చేస్తాడో చూడండి. మిక్సీ అడుగు స్క్రూలు తీసి, మోటారు బయటపెట్టి, ముందు మంచినీళ్లతో కడుగుతాడు. చూసేవాళ్లకు గుండె గుభేలుమంటుంది. తడిసిందని తెస్తే మళ్లీ తడుపుతాడేంటని. బురద ఎండితే అట్ట కడుతుంది, ఆ అట్టలో తేమ నెలల తరబడి దాక్కుంటుంది, కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే వదిలించాలి. తర్వాత ఎండ. సెప్టెంబర్ ముసురులో ఎండ లేకపోతే చెక్క పెట్టెలో బల్బు వెలిగించి ఆ వేడికి ఆరబెడతారు. తొందరపడే గిరాకీతో ఇక్కడే పేచీ. "రేపు ఇస్తావా?" అంటారు. ఇవ్వకూడదు.

ఆరాక సిరీస్ బల్బు. ఊళ్లో ఏ రిపేరు కొట్టుకు వెళ్లినా గోడకు కొట్టిన చెక్క మీద వంద వాట్ల పాతకాలపు బల్బు కనిపిస్తుంది. కరెంటు నేరుగా మిక్సీకి వెళ్లదు, ఆ బల్బు గుండా వెళుతుంది. లోపల డైరెక్ట్ షార్ట్ ఉంటే బల్బు పూర్తి వెలుగుతో మండుతుంది. తీగ తెగితే అసలు వెలగదు. మోటారు బాగుంటే బల్బు మందంగా వెలుగుతుంది, మోటారు నెమ్మదిగా తిరుగుతుంది. ఫ్యూజు పోదు, పొగ రాదు. ఎల్‌ఈడీలు వచ్చాక ఈ బల్బులు దొరకడమే గగనమైంది. ఉన్నదాన్ని మెకానిక్కులు కంటికి రెప్పలా చూసుకుంటున్నారు.

అయితే బల్బుకు తెలియని సంగతి ఒకటుంది. ఒక కొస మోటారుకు, ఇంకో కొస బాడీకి పెట్టి చూస్తే బల్బు వెలగకపోవచ్చు. వెలగలేదు కదా అని "ఓకే" అనేస్తారు. వంద వాట్ల బల్బు పూర్తిగా వెలగాలంటే 400 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు కావాలి. మనిషి ప్రాణం పోవడానికి ముప్ఫై మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు. ఆ కాస్త లీకేజీకి బల్బులో తీగ ఎర్రబడను కూడా ఎర్రబడదు. దాన్ని పట్టేది మెగ్గర్. 500 వోల్టులిచ్చి ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలుస్తుంది. రెండు మెగోమ్‌లకు తక్కువ చూపిస్తే సరుకు మళ్లీ ఆరబెట్టాల్సిందే. మీ మెకానిక్ దగ్గర మెగ్గర్ ఉందో లేదో అడగండి. అడిగితే నామోషీ ఏమీ కాదు.

ఫ్రిజ్ సంగతి వేరు. దాని కంప్రెసర్ నాలుగువైపులా వెల్డింగ్ చేసిన ఇనుప గిన్నెలో ఉంటుంది. వరద నీరు లోపలికి పోదు. బయటి రిలే, ఓవర్‌లోడ్, థర్మోస్టాట్ మారిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. మునిగిందనగానే పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేసినవాళ్లు తొందరపడ్డారు. వాషింగ్ మెషీన్ బోర్డు మాత్రం తడిస్తే నమ్మకం లేదు. మునిగిన ఎంసీబీలు, స్విచ్‌లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఎంత శుభ్రంగా కనిపించినా పారేయాల్సిందే. వాటిని ఆరబెట్టి వాడటం పిసినారితనం కూడా కాదు, పిచ్చితనం.

ఎర్త్ ఎక్కడుంది?

కొట్టులో మెకానిక్ ఎంత బాగా చేసినా, సరుకు వెళ్లేది మనింటి సాకెట్‌కే. వన్ టౌన్ పాత ఇళ్లలో చెక్క రీపర్ల మీద లాగిన వైరింగ్ ఇంకా చోటుచోటా ఉంది. రెండు తీగలే, మూడోదైన ఎర్త్ తీగ లేదు. ఎర్త్ కావాలంటే నేలలో గొయ్యి తీసి, పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చాలి, వేసవిలో నీళ్లు పోస్తుండాలి. గోడకు గోడ ఆనుకున్న బ్రాహ్మణ వీధి ఇళ్లలో పెరడే లేదు, గొయ్యి ఎక్కడ తీస్తారు? పూర్వం కొందరు కుళాయి ఇనుప పైపుకు తీగ చుట్టేవారు. పైపులన్నీ ప్లాస్టిక్ అయ్యాక ఆ తీగ ఎక్కడికీ పోవడం లేదు.

ఇంతకన్నా ప్రమాదం సాకెట్ లోపలే ఎర్త్‌నూ న్యూట్రల్‌నూ చిన్న తీగతో కలిపేయడం. టెస్ట్ లాంప్ పెడితే భేషుగ్గా వెలుగుతుంది, పని అయిపోయినట్టే ఉంటుంది. ఏదో ఒకరోజు న్యూట్రల్ తెగిందంటే ఇనుప బాడీ మొత్తం ఫేజు అయిపోతుంది. కూలర్ మీద తడి చెయ్యి పడితే అంతే.

మూడు పిన్నుల ప్లగ్గులో పైనుండే ఎర్త్ పిన్ను మిగతా రెండిటికన్నా పొడుగ్గా, లావుగా ఎందుకుంటుందని ఎప్పుడైనా ఆలోచించారా? లోపలికి వెళ్లేటప్పుడు ముందు తగిలేది, బయటికి వచ్చేటప్పుడు చివర వదిలేది అదే. కరెంటు రాకముందే రక్షణ వస్తుంది, పోయాకే పోతుంది. దాన్ని విరిచేసి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చేవాళ్లు, ప్లగ్గే లేకుండా తీగ కొసల్ని అగ్గిపుల్లలతో బిగించేవాళ్లు మనచుట్టూ బోలెడుమంది. కొన్ని మిక్సీలకు రెండే పిన్నులుంటాయి. వాటి పేరుపట్టీ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే లోపల రెట్టింపు ఇన్సులేషన్ ఉన్నట్టు, ఎర్త్ అక్కర్లేదు. ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్, ఇనుప కూలర్, గీజర్లకు ఆ మినహాయింపు లేదు.

ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు. అది తీగలను కాపాడుతుంది, మనిషిని కాదు. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా ముప్ఫై మిల్లీ ఆంపియర్లు వస్తే కన్నుమూసి తెరిచేలోగా ఆపేది ఆర్‌సీసీబీ. ఎర్త్ గొయ్యికి చోటు లేని ఇంట్లో ముందు కొనాల్సింది అదే. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కి పని చేస్తోందో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి.

ఇంట్లో మనం చేసుకోగలిగినవి లేకపోలేదు. మిక్సీ ఆగగానే మెకానిక్ దగ్గరికి పరిగెత్తేముందు అడుగున ఎర్ర బటన్ చూడండి. పప్పు ఎక్కువ వేసినప్పుడు అది బయటికొస్తుంది, చల్లారాక నొక్కితే సరి. అరిగిన కప్లర్, చిరిగిన కార్డు, కాలిన ప్లగ్గు మార్చుకోవచ్చు. అయితే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. వైరింగ్ తిరగబడి స్విచ్ న్యూట్రల్ మీద ఉంటే ఆపినా లోపల ఫేజు ఉంటుంది. ప్లగ్గు పీకినా ఇండక్షన్ స్టవ్ జోలికి మాత్రం వెళ్లకండి. దాని కండెన్సర్‌లో మూడొందల వోల్టుల దాకా నిలవ ఉంటుంది.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. విడిభాగాలు, సర్వీసు వివరాలు కంపెనీలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. మంచిదే. కానీ వన్ టౌన్ బల్ల మీదకు వచ్చే కొత్త ఫ్యాన్లలో వైండింగ్ బాగానే ఉండి ఎలక్ట్రానిక్ బోర్డు పోతోంది. విడి బోర్డు దొరకదు, దొరికినా ధర చూస్తే కొత్త ఫ్యాన్ మీదకు మనసు పోతుంది. రీవైండింగ్ నేర్చిన చేతులకు పని తగ్గుతున్నది అందుకే.

అంత ఓర్పున్న మెకానిక్ కూడా చేతిలోకి తీసుకోని వస్తువు ఒకటుంది, నీళ్లు కాచే హీటర్ రాడ్డు. పై గొట్టం చిట్లితే అతకడం కుదరదు, అతికి ఇచ్చినవాణ్ని నమ్మడానికీ లేదు. "దీనికి రిపేరు లేదమ్మా, కొత్తది కొనుక్కోండి. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. రాడ్డు బకెట్లో ఉండగా నీళ్లు వెచ్చబడ్డాయా అని చెయ్యి పెట్టి చూడొద్దు" అని వెనక్కి ఇచ్చేస్తాడు.