కట్టె గుళికలు: ఇంటికా, బ్యారన్‌కా?

రంపపు పొట్టును, చెక్క తరుగును ఎండబెట్టి, నలగ్గొట్టి, ఉక్కు అచ్చులోని రంధ్రాల గుండా గట్టి ఒత్తిడితో తోస్తే, 6 లేదా 8 మిల్లీమీటర్ల మందం గల పొట్టి కడ్డీలు వెలువడతాయి. వీటినే కట్టె గుళికలనీ, వ్యాపారుల మాటలో పెల్లెట్లనీ అంటారు. వీటికి జిగురు కలపనక్కరలేదు, ఎందుకంటే చెక్కలోని నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే సహజ పదార్థం రాపిడి వేడికి మెత్తబడి, చల్లారగానే బిగుసుకుంటుంది. 1970ల చమురు సంక్షోభం తరువాత ప్రచారంలోకి వచ్చిన ఈ ఇంధనం నేడు స్వీడన్, ఆస్ట్రియా, ఉత్తర ఇటలీ ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లను చలికాలమంతా వెచ్చగా ఉంచుతోంది.

గుళిక గొప్పతనం కలప జాతిలో కంటే దాని పొడితనంలోనే ఎక్కువగా ఉంది. అప్పుడే నరికిన కట్టెలో దాదాపు సగం బరువు నీరే కావడం వల్ల, ఆ నీటిని ఆవిరి చేయడానికే మంటలో కొంత భాగం ఖర్చయిపోయి, పొయ్యి చల్లబడి, పూర్తిగా మండని వాయువులు పొగగా బయటికి పోతాయి. గుళికలో తేమ 10 శాతానికి లోపే ఉండటం వల్ల కిలోకు సుమారు 17 మెగాజౌళ్ల వేడి దక్కుతుంది. పైగా అన్నీ ఒకే కొలతలో ఉంటాయి గనుక, మరచుట్టు గొట్టం ద్వారా కొద్దికొద్దిగా పొయ్యిలోకి పంపుతూ, అందుకు తగినంత గాలిని ఫ్యానుతో అందించడం సులువవుతుంది.

చలి దేశాల సంగతి అలా ఉంచితే, మన గుంటూరు జిల్లా పొన్నూరులో గదిని వెచ్చబరచవలసిన చలి ఏ పుష్యమాసంలోనూ ఉండదు. ఇక్కడి ఇంటికి కావలసిన వేడి వంటకూ, స్నానానికీ మాత్రమే. 20 లీటర్ల నీటిని 20 డిగ్రీల మేర వేడెక్కించడానికి, సగం వేడి వృథా అయినా, 200 గ్రాముల గుళికలు చాలు. వెనుకటి తరం ఇళ్లలో ఈ పని పొట్టు పొయ్యి చేసేది: డబ్బా మధ్యలో సీసా నిలిపి, చుట్టూ రంపపు పొట్టును దిమ్మిస కొట్టినట్టు కూరి, సీసా తీసేస్తే ఏర్పడే గొట్టంలో మంట గంటల తరబడి నిలకడగా సాగేది. పొట్టును బిగించి వాడటంలోని లాభం తెలుగు వంటింటికి కొత్తది కాదన్నమాట. 1999లో మొదలైన దీపం పథకంతో గ్యాసు పల్లెలకు చేరాక, ఇంటికి చేరే పత్తికట్టె, మిరపకట్టె క్రమంగా పొలంలోనే తగలబడసాగాయి. ఒక గ్యాసు సిలిండరులోని 14.2 కిలోల ఇంధనానికి వేడిలో దీటు రావాలంటే సుమారు 38 కిలోల గుళికలు కావాలి. వాటిని మోసి, నిల్వ చేసి, బూడిద ఎత్తే శ్రమ కూడా లెక్కించినప్పుడు, గ్యాసు వదిలి గుళికల వైపు మళ్లమని ఏ గృహిణికీ చెప్పడం న్యాయం కాదు.

నిజంగా కొలిమి పెట్టి వేడి చేసే ఇల్లు ఈ మైదానంలో ఒకటుంది, అది పొగాకు బ్యారన్. 1920 దశకంలో గుంటూరు ప్రాంతపు నల్లరేగళ్లలో అడుగుపెట్టి, తరువాత ప్రకాశం జిల్లాలో స్థిరపడిన వర్జీనియా పొగాకును ఈ గదిలో కర్రలకు వేలాడదీసి, బయటి కొలిమి నుంచి లోపలి రేకు గొట్టాల గుండా వేడిని పంపి, ఆకు పసుపు తిరిగే దశలో 40 డిగ్రీల లోపు, ఈనె ఎండే చివరి దశలో సుమారు 70 డిగ్రీల వరకు, అయిదారు రోజులపాటు ఆరబెడతారు. పొగ ఆకును తాకకుండా గొట్టం గోడ మాత్రమే వేడిని అందించే ఈ ఏర్పాటుకూ, ఐరోపా ఇంటి గుళికల పొయ్యికీ సూత్రంలో తేడా లేదు. పాత పద్ధతిలో కిలో ఆకు ఆరడానికి నాలుగైదు కిలోల కట్టె ఖర్చవుతుంది. రాత్రంతా మంటను ఎగదోసే మనిషి కంటే, గంటకింతని గుళికలు జార్చే యంత్రం ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచగలదు. ఆకు రంగు, ధర రెండూ ఆ నిలకడ మీదే ఆధారపడి ఉంటాయి.

అందుకు ముడిసరుకు దూరం నుంచి రానవసరం లేదు. పొన్నూరు వరిచేలకు పడమరగా పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు సాగితే పత్తి, మిరప నేలలు మొదలవుతాయి. పత్తికట్టెతో పలకలు, ఇటుకలు, గుళికలు చేసే పద్ధతులపై ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ చాలాకాలంగా పనిచేస్తోంది. చివరి తీత కాగానే మోళ్లు పీకి తరలిస్తే, మిగిలిన కాయల్లో దాగే గులాబీ రంగు పురుగు తరువాతి పంటకు వ్యాపించడం కూడా తగ్గుతుంది. అయితే చేలగట్లపై చెల్లాచెదురుగా పడి ఉన్న కట్టెను పోగు చేసే కూలి, ట్రాక్టరు బాడుగ కలిసి అసలు సరుకు విలువను మించిపోతుండటమే ఈ ఆలోచనకు పెద్ద గండం. అందువల్ల పొలంలోనే ముక్కలు చేసే యంత్రాన్ని రైతుల సంఘం ఉమ్మడిగా ఉంచుకోవడం తప్పనిసరి.

ఇక బూడిద మరో చిక్కు. మేలురకం చెక్క గుళికలో బూడిద 0.7 శాతం మించకూడదని ఐరోపా ప్రమాణం చెబుతుంటే, వరి ఊకలో అది 20 శాతం వరకు ఉంటుంది. పత్తికట్టె ఈ రెండింటికీ నడుమన ఉన్నా, దాని బూడిదలోని పొటాషియం తక్కువ వేడికే కరిగి కొలిమి జల్లెడపై చిట్టెంలా గడ్డకడుతుంది. చెక్క కోసం చేసిన పొయ్యిలో దాన్ని వేస్తే పొయ్యి పాడవుతుంది. ఎండుకాయలు మిగిలిన మిరపకట్టెను నలగ్గొట్టేటప్పుడు లేచే ఘాటు పనివాళ్లను దగ్గులతో ఉక్కిరిబిక్కిరి చేస్తుంది కాబట్టి, కాయ ఏరకుండా దాన్ని మిల్లుకు పంపరాదు.

గుళిక నీరు తగిలితే ఉబ్బి పొట్టయిపోతుంది గనుక వానాకాలంలో నేలకు ఎత్తుగా, పైకప్పు కింద నిల్వ చేయాలి. పెద్ద మొత్తాన్ని గాలి ఆడని గదిలో మూసి ఉంచితే, మంట లేకుండానే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ వాయువు వెలువడి చేరుతుంది, కాబట్టి తలుపులు బార్లా తెరిచి గాలి ఆడనిచ్చిన తరువాతే లోపలికి వెళ్లాలి. కొనే రైతు బస్తా ధరను కాక, తేమ ఎంత, బూడిద ఎంత, కిలోకు వేడి ఎంత అని అడిగి, ఆ మూడూ కాగితం మీద రాసి ఇచ్చే మిల్లు దగ్గరే సరుకు తీసుకోవడం మంచిది.