గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క అడగొద్దు

ఐగుప్తులో ఇశ్రాయేలీయుల పని ఇటుకలు చేయడం. ఇటుక బీటలు వారకుండా ఆరాలంటే మట్టిలో తరిగిన గడ్డి కలపాలి. ఆ గడ్డి రాజు తరఫునే వచ్చేది. ఒకరోజు మోషే, అహరోను ఫరో ఎదుటికి వెళ్లి, అరణ్యంలో దేవుణ్ణి ఆరాధించుకోవడానికి ప్రజలకు మూడు రోజులు సెలవు అడిగారు. సెలవు దొరకలేదు సరికదా, ఆ పూట నుంచి గడ్డి కూడా ఆగిపోయింది. గడ్డి మీరే ఏరి తెచ్చుకోవాలి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గకూడదన్నాడు ఫరో. పైగా సెలవు అడిగినందుకు వారికి సోమరులన్న పేరు పెట్టాడు. నిర్గమ కాండము ఐదో అధ్యాయంలోని ఈ సంగతి వేల ఏళ్ల నాటిది. అయినా మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల సంఘాల్లో ఆరాధన ముగిశాక మందిరం గుమ్మం దగ్గర నిలబడి మనవాళ్లు చెప్పుకునే మాటలు వింటే, అది నిన్న మొన్న జరిగినట్టే ఉంటుంది. ఇద్దరు చేసే పని ఒకరి మీద పడింది, టార్గెట్ మాత్రం తగ్గలేదు. ఆదివారం సెలవు అడిగితే పని ఎగ్గొట్టే మనిషన్న ముద్ర పడింది. ఇలాంటివి మేము వినని వారం లేదు.

తోటల నుంచి షిఫ్టుల దాకా

ఈ ప్రాంతం మారిన తీరు మనం కళ్లారా చూసిందే. ఒకప్పుడు ఇక్కడ ద్రాక్ష తోటలు, వరి మళ్లు ఉండేవి. పొద్దు గూకితే పని ఆగేది. తర్వాత మందుల కంపెనీలు, టీకాల కంపెనీలు వచ్చాయి. హెపటైటిస్ బి టీకాను జన్యు పరిజ్ఞానంతో దేశంలోనే మొదటిసారి తయారుచేసి 1997లో విడుదల చేసిన శాంతా బయోటెక్నిక్స్ మేడ్చల్ దగ్గరే వెలిసింది. 1999 నుంచి శామీర్‌పేట దాటాక తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ పెరిగింది. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక గోదాములు వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రైలు మేడ్చల్ దాకా వచ్చింది. ఇప్పుడు తెల్లవారకముందే ఇటు నాగపూర్ హైవే మీద, అటు రాజీవ్ రహదారి మీద షిఫ్టు బస్సులు తిరుగుతున్నాయి. ఒకే ఇంట్లో భర్త రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి భార్య పగటి డ్యూటీకి బయల్దేరుతోంది. ఈ పనులు మన పిల్లలకు అన్నం పెట్టాయి, చదువు చెప్పించాయి. అందుకు దేవునికి కృతజ్ఞతలు చెల్లించాల్సిందే. కానీ బతుకు మారినంత వేగంగా మనిషి శరీరం మారదు, మనసూ మారదు.

కోవిడ్ కాలం ఈ సంగతిని ఇంకా స్పష్టంగా చూపించింది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పని పోయిన వలస కూలీలు పిల్లల్ని చంకనేసుకుని మేడ్చల్ మీదుగా ఉత్తరాదికి నడిచారు. ఇంకోవైపు శామీర్‌పేట ప్రాంతంలోని టీకాల ప్లాంట్లలో రాత్రింబవళ్లు పని సాగింది. భారత్ బయోటెక్ కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న, బయోలాజికల్ ఇ సంస్థ కార్బెవాక్స్‌కు అదే ఏడాది డిసెంబరు 28న అత్యవసర అనుమతి వచ్చింది. 2021 మే నెలలో భారత్ బయోటెక్ సంయుక్త మేనేజింగ్ డైరెక్టర్ సుచిత్ర ఎల్లా తమ ఉద్యోగుల్లో 50 మంది కోవిడ్ వల్ల విధులకు దూరంగా ఉన్నారని, అయినా పని 24 గంటలూ నడుస్తోందని చెప్పారు. పని లేక రోడ్డున పడినవారిదీ ఒత్తిడే, పని ఆపలేక నిలబడినవారిదీ ఒత్తిడే. అయితే రెండూ ఒకటి కాదు. నా చేతి పనితో ఒక ప్రాణం నిలుస్తుందని తెలిసిన మనిషి చాలా భారం మోయగలడు. తన బతుకు తన చేతిలో లేదనిపించినప్పుడే కుంగిపోతాడు.

బరువు కాదు, బిగింపు

మనస్తత్వ శాస్త్రం కూడా దాదాపు ఇదే చెబుతోంది. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే అమెరికా పరిశోధకుడు పనిలోని ఒత్తిడిని రెండు తూకాలతో కొలవాలన్నాడు. ఒకటి, మనిషి మీద మోపిన భారం. రెండోది, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ. భారం ఎక్కువైనా స్వేచ్ఛ ఉంటే మనిషి నేర్చుకుంటాడు, ఎదుగుతాడు. భారం పెరిగి స్వేచ్ఛ తగ్గినచోట జబ్బు పడతాడు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద ‘వైట్‌హాల్’ పేరుతో దశాబ్దాల పాటు జరిగిన అధ్యయనాలు ఇంకో సంగతి బయటపెట్టాయి. పెద్ద బాధ్యతలున్న పై అధికారులకే గుండె జబ్బులు ఎక్కువని అందరూ అనుకునేవారు. తేలింది వేరు. కింది మెట్ల మీద, తమ పని మీద తమకు పట్టు లేని ఉద్యోగులకే ఆ ముప్పు ఎక్కువగా ఉంది. ఫరో చేసిందీ ఇదే. అతడు లెక్క పెంచలేదు, ఆ లెక్క పూర్తిచేసే సాధనాన్ని లాగేసుకున్నాడు.

పని గంటల సంగతీ చిన్నది కాదు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35-40 గంటలు పనిచేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. మన దేశంలో 1948 నాటి కర్మాగారాల చట్టం వారానికి 48 గంటల హద్దు పెట్టింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లోనూ ఆ హద్దు అలాగే ఉంది. చట్టం కంటే ఎంతో ముందే దేవుడు ఏడో దినాన్ని విశ్రాంతికి ఇచ్చాడు. ఆ ఆజ్ఞలో యజమాని ఒక్కడే లేడు. దాసుడు, దాసి, పరదేశి, చివరికి ఎద్దు, గాడిద కూడా ఉన్నాయి.

మధ్యలో నలిగే మనిషి

ఫరో కథలో మనం తొందరగా దాటిపోయే మనుషులు ఇంకొందరున్నారు. ఇటుకల లెక్క తగ్గినప్పుడు దెబ్బలు తిన్నది ముందు ఎవరు? ఇశ్రాయేలీయుల్లోంచే వారి మీద నియమించిన నాయకులు. పైనుంచి ఫరో మనుషుల కొరడా, కింద సొంత జనం కన్నీళ్లు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే వాళ్లే సూపర్‌వైజర్లు, షిఫ్టు ఇన్‌ఛార్జులు, టీమ్ లీడర్లు. మన సంఘాల్లో ఈ స్థానాల్లో ఉన్నవారు చాలామందే ఉన్నారు. వారి కష్టం నిజమైనదే. పై నుంచి వచ్చిన టార్గెట్‌ను మార్చే అధికారం వారికి ఉండదు. కానీ ఆ కొరడాను తమ చేతిలోకి తీసుకుని కిందివారి మీద ఝళిపించాలా వద్దా అన్నది మాత్రం వారి చేతిలోనే ఉంది. ఐగుప్తు నాయకులు ఆ పని చేయలేదు. దెబ్బలు తిన్న ఒంటితోనే ఫరో దగ్గరికి వెళ్లి, గడ్డి లేకుండా ఇటుకలు ఎలా వస్తాయని మొరపెట్టుకున్నారు. తప్పు ప్రజలది కాదని రాజు మొహం మీదే చెప్పారు. ఫలితం దక్కలేదు. అయినా ఆ మాట దేవుని గ్రంథంలో నిలిచిపోయింది.

అదే గ్రంథంలో కొన్ని అధ్యాయాలు దాటితే మోషే తానే నాయకుడై కనిపిస్తాడు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని ప్రజలందరి తగవులు తీరుస్తున్నాడు. ప్రజలు పొద్దస్తమానం నిలబడే ఉన్నారు. అతనిలో ఫరో క్రూరత్వం లేదు, భక్తి ఉంది, శ్రద్ధ ఉంది. అయినా తానూ అలసిపోతున్నాడు, జనాన్నీ అలసిపోయేలా చేస్తున్నాడు. అది మంచి పద్ధతి కాదని చెప్పింది దేవదూత కాదు, మామ యిత్రో. నమ్మకమైన మనుషులను ఎంచుకుని వెయ్యి మందికి, వందకు, యాభైకి, పదికి ఒకరిని నియమించి, చిన్న సంగతులు వారినే తీర్చనివ్వమన్నాడు. పని పంచడమంటే అధికారం కూడా పంచడమే. అధికారం ఇవ్వకుండా పని మాత్రం పంచితే అది మళ్లీ ఐగుప్తే. మోషే గొప్పతనం ఎర్ర సముద్రం దగ్గరే కాదు, మామ మాట విన్న ఈ చోట కూడా కనిపిస్తుంది.

సోమవారం ఉదయం

కాబట్టి నలుగురి మీద పెత్తనం ఉన్న ప్రతి విశ్వాసీ లెక్క అడిగే ముందు, గడ్డి ఇచ్చానా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. పనికి సరిపడా మనుషులున్నారా? వచ్చే వారం షిఫ్టు ఏదో ముందుగా చెప్పామా, లేక రాత్రి పది గంటలకు వాట్సాప్ గ్రూపులో పెట్టామా? సెలవు రోజున ఫోను చేయకుండా ఉండగలిగామా? పదిమందిలో తిట్టి, పక్కకు పిలిచి మెచ్చుకుంటున్నామా? దాన్ని తిరగేస్తే చాలు, సగం ఒత్తిడి తగ్గుతుంది. వీటికి డబ్బు ఖర్చు కాదు. ఆదివారం చేతులెత్తి ప్రార్థించిన మనిషిని సోమవారం అతని కింద పనిచేసేవారు చూస్తారు. వారికి వాక్యం చదివే అవకాశం లేకపోవచ్చు. వారు చదివేది అతణ్ణే.

సంఘాలకూ ఇందులో బాధ్యత ఉంది. అలసిపోయి వచ్చిన మనిషితో నీకు విశ్వాసం చాల్లేదనడం ఫరో పెట్టిన సోమరి పేరును ఇంకో రకంగా పెట్టడమే. బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు మొదట గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు. ఆ తర్వాతే మాట్లాడాడు. పని వల్ల మనిషి పూర్తిగా ఖాళీ అయిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తి సంబంధమైన సమస్యగా గుర్తించింది. తీరని అలసట, పని మీద విరక్తి, ఏదీ చేతకావడం లేదన్న భావన దాని గుర్తులు. ఇవి కనిపిస్తే ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి కూడా పంపాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. రాత్రి షిఫ్టు దిగి వచ్చే వారి కోసం సంఘం ఒక ఆరాధన వేళను మార్చుకుంటే అది కూడా పరిచర్యే.

ప్రయాసపడి భారం మోస్తున్న వారిని యేసుక్రీస్తు తన దగ్గరికి రమ్మన్నాడు. అలా పిలిచిన ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన నాయకుడు కూడా. ఆయన్ను వెంబడించే మనం మన కింద పనిచేసేవారి భుజం మీద ఇంకో ఇటుక పెట్టే ముందు, ఒక మోపు గడ్డి మోసుకెళ్లి ఇద్దాం.