నానో అల్లాయ్ అంటే ఏంటి? బాల్ మిల్‌లో తయారయ్యాక అసలు పరీక్ష వేడి దగ్గరే

ఏదైనా గ్యాడ్జెట్ బాక్స్ మీద "నానో అల్లాయ్" అని కనిపిస్తే ఒక్క ప్రశ్న అడగండి: వేడి చేశాక గ్రెయిన్ సైజు ఎంత? దీనికి జవాబు లేకపోతే అది మార్కెటింగ్ అనే నా అభిప్రాయం.

ఏ లోహమైనా చిన్న చిన్న స్ఫటికాల ముద్దే. వాటినే గ్రెయిన్స్ అంటారు. మామూలు స్టీల్‌లో ఇవి మైక్రాన్లలో ఉంటాయి. 100 నానోమీటర్ల కంటే తగ్గితే నానోస్ట్రక్చర్డ్ అంటాం. లోహం వంగాలంటే లోపల పొరలు జారాలి. గ్రెయిన్ చిన్నదైతే సరిహద్దులు ఎక్కువై ఆ జారుడు మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే గట్టిదనం.

తయారీకి బాల్ మిల్ వాడతారు. గట్టి స్టీల్ జార్‌లో లోహపు పొడి, దాని బరువుకు పది రెట్లు స్టీల్ బాల్స్ వేసి గంటల తరబడి తిప్పుతారు. బాల్స్ మధ్య పడ్డ పొడి చదునవుతుంది, ఒకదానికొకటి అతుక్కుంటుంది, మళ్లీ విరుగుతుంది. పొడి రేణువే నానో సైజుకి వస్తుందని నేనూ మొదట్లో అనుకున్నా. కాదు. రేణువు మైక్రాన్లలోనే ఉంటుంది, దాని లోపలి గ్రెయిన్స్ నానో అవుతాయి.

ఇక్కడ కరిగించే పనే లేదు. టైటానియం 1668 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింక్ 907కే మరిగి ఆవిరైపోతుంది. అయినా ఈ రెండూ ఉన్న ఆరు లోహాల అల్లాయ్‌ని ఐఐటీ మద్రాస్‌లో బీ.ఎస్. మూర్తి గారి బృందం మిల్లింగ్‌తోనే చేసి 2008లో ప్రచురించింది. ఆయన 2019లో ఐఐటీ హైదరాబాద్ డైరెక్టర్ అయ్యారు.

చిక్కు తర్వాతే. పొడిని వస్తువుగా మార్చాలంటే నొక్కి, వేడి చేయాలి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్తే శిల్పులు కనిపిస్తారు కదా, ఉలికి పదును పెట్టేటప్పుడు వేడి కాస్త ఎక్కువైతే మొన మెత్తబడిపోతుంది. ఇక్కడా అంతే, వేడికి గ్రెయిన్స్ ఒకదాన్నొకటి మింగి పెద్దవైపోతాయి. మిల్లింగ్ అంతా వృథా!

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, స్పార్క్ ప్లాస్మా సింటరింగ్‌తో నిమిషాల్లో పని ముగించడం. రెండోది, మిల్లింగ్‌లోనే కొంచెం ఇట్రియా కలపడం. ఆ సూక్ష్మ రేణువులు గ్రెయిన్ సరిహద్దులకు మేకుల్లా అడ్డుపడతాయి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ఇలాంటి ఓడీఎస్ స్టీల్స్ మీద పనిచేస్తోంది.

మరి ఫోన్లలో? కొన్ని వైర్‌లెస్ చార్జింగ్ కాయిల్స్ వెనక నానోక్రిస్టలైన్ షీట్ ఉంటుంది. అది మిల్లింగ్‌తో కాదు, కరిగిన లోహాన్ని రిబ్బన్‌లా వేగంగా చల్లబరిచి, తర్వాత సుమారు 550 డిగ్రీల దగ్గర వేడి చేసి తీసింది. అక్కడ ఆ వేడే గ్రెయిన్స్‌ని పుట్టిస్తుంది, సైజు పది నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ. స్పెక్ షీట్‌లో మాత్రం దాని పేరు దాదాపు ఎవరూ రాయరు.