పట్టుకున్నదంతా పన్ను కాదు

హైదరాబాద్ కృష్ణానగర్‌లో సినిమాలకు మాటలు రాసే కుర్రాడొకడున్నాడనుకుందాం. 2025-26లో మూడు సినిమాలకు కలిపి 9 లక్షలు మాట్లాడుకున్నాడు. చేతికొచ్చింది 8 లక్షల 10 వేలు. మిగతాదేమైందని అడిగితే "టీడీఎస్ కింద పోయింది" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్. కుర్రాడు నమ్మేశాడు. నిజానికి ఆ 90 వేలు ఎక్కడికీ పోలేదు. అతని పాన్ నంబరు మీద ప్రభుత్వ ఖజానాలో జమపడాల్సిన సొమ్ము అది. లెక్క వేసి చూస్తే ఆ ఏడాదికి అతను కట్టాల్సిన పన్ను సున్నా. రిటర్ను వేస్తే మొత్తం వెనక్కొస్తుంది, వేయకపోతే అక్కడే ఉండిపోతుంది.

టీడీఎస్ అంటే ఆదాయం పుట్టిన చోటే పన్ను పట్టుకోవడం. డబ్బిచ్చేవారు కొంత పట్టుకుని, మామూలుగా మరుసటి నెల 7వ తేదీలోగా ఖజానాకు కట్టాలి. ఎవరి పాన్ మీద ఎంత పట్టుకున్నారో మూడు నెలలకోసారి ఆదాయపన్ను శాఖకు లెక్క చెప్పాలి. ఇంటి ఓనరుకిచ్చే అడ్వాన్సుతో పోలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. ఖాళీ చేసేటప్పుడు ఓనరు రంగుల ఖర్చు తీసుకుని మిగతాది ఇస్తాడు. పన్ను లెక్కలో ఆ ఖాళీ చేసే రోజు రిటర్ను వేసే రోజే.

మరి 9 లక్షలు సంపాదించినవాడికి పన్ను సున్నా ఎలా? వైద్యులు, లాయర్లు, ఇంజినీర్లు, అకౌంటెంట్ల వంటి కొన్ని వృత్తులవారికి చట్టం ఒక సుఖమైన దారి ఇచ్చింది. 1961 నాటి పాత చట్టంలో అది 44ఏడీఏ సెక్షన్. వచ్చిన మొత్తంలో సగం ఖర్చులకు పోయిందనుకుని మిగతా సగాన్నే ఆదాయంగా చూపొచ్చు. రసీదులు దాచక్కర్లేదు, పద్దు పుస్తకాలు రాయక్కర్లేదు. సినిమా రంగంలో ఎడిటర్లు, కెమెరామెన్లు, పాటల రచయితలు, మాటల రచయితలు కూడా ఈ జాబితాలో ఉన్నారు. ఏడాది రాబడి 50 లక్షలు మించకూడదు. నగదు రూపంలో వచ్చింది 5 శాతం లోపే ఉంటే 75 లక్షల దాకా పర్వాలేదు. మన కుర్రాడి 9 లక్షల్లో సగం, నాలుగున్నర లక్షలు. దాని మీద పడేది 2,500 రూపాయలు. రిబేటు దాన్నీ తుడిచేస్తుంది.

ఇలాంటివాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. చేతికొచ్చిన 8 లక్షల 10 వేలనే రాబడిగా రాసి, మళ్లీ 90 వేల జమ అడుగుతారు. పట్టుకున్నది కూడా వాళ్ల సంపాదనే. చూపాల్సింది 9 లక్షలు.

రిబేటు విషయానికొద్దాం. 2025 బడ్జెట్ తర్వాత "12 లక్షల దాకా పన్ను లేదు" అన్న మాట ఊరూరా పాకింది. మాట నిజమే, కానీ సగమే. కొత్త పన్ను విధానంలో అసలు మినహాయింపు 4 లక్షలే. ఆపైన 8 లక్షల దాకా 5 శాతం, 12 లక్షల దాకా 10 శాతం, 16 లక్షల దాకా 15 శాతం, ఇలా మెట్లు మెట్లుగా పెరిగి 24 లక్షలు దాటాక 30 శాతానికి చేరుతుంది. ఆదాయం 12 లక్షలైతే 4 శాతం సెస్సు కలపకముందు పన్ను 60 వేలు. సరిగ్గా అంత రిబేటు ఇచ్చి సున్నా చేస్తారు. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కాబట్టి పన్నెండు ముప్పావు లక్షల జీతం దాకా ఏమీ పడదు. అయితే ఆదాయం 4 లక్షలు దాటితే, కట్టాల్సింది సున్నా అయినా రిటర్ను వేయాల్సిందే. ఆదాయం 4 లక్షల లోపే అయినా, ఏడాదిలో టీడీఎస్ 25 వేలకు చేరితే మామూలుగా అప్పుడూ తప్పదు.

షేర్ల లాభం ఈ రిబేటు గొడుగు కిందకు రాదు. 8 లక్షల జీతంతో చేరిన అమ్మాయి, కొన్న షేర్లను ఏడాది తిరక్కుండా అమ్మి 50 వేలు మిగుల్చుకుందనుకోండి. జీతం మీద ఏమీ లేకపోయినా ఆ లాభం మీద 20 శాతం, సెస్సుతో కలిపి 10,400 కట్టాలి.

ఇక ఉద్యోగం మారినవాళ్ల సంగతి. ఆఫీసు కాంటీన్లలో అందరూ చెప్పుకోవాల్సిన కథ ఇదే, ఎవరూ చెప్పుకోరు. మాదాపూర్‌లో ఒకతను ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు లక్ష చొప్పున పనిచేశాడు. ఏడాదికి 12 లక్షలే కదా, పన్ను లేదని మొదటి కంపెనీ ఏమీ పట్టుకోలేదు. అక్టోబరులో లక్షా 40 వేలకు మరో కంపెనీలో చేరాడు. ఆరు నెలలకు 8 లక్షల 40 వేలు. పాత జీతం సంగతి ఇతను చెప్పలేదు, కొత్త కంపెనీ కూడా సున్నానే వేసుకుంది. రెండు చోట్లా పద్ధతి ప్రకారమే జరిగింది. రిటర్ను దగ్గర కూర్చున్నాక రెండూ కలిపితే 14 లక్షల 40 వేలు తేలింది. 75 వేలు ఒక్కసారే తీసేస్తారు, రెండు కంపెనీలకు రెండుసార్లు కాదు. మిగిలిన 13 లక్షల 65 వేల మీద పన్ను 84,750, సెస్సుతో 88,140. ముందుగా కట్టనందుకు నెలకు 1 శాతం వడ్డీ అదనం. చేరిన రోజునే పాత జీతం వివరాలు ఫారం 12బీలో రాసి ఇచ్చి ఉంటే, ఇదే పన్ను ఆరు నెలల జీతంలో కొంచెం కొంచెంగా తెగిపోయేది.

పే స్లిప్పులో 200 రూపాయలు తగ్గడం చూసి, అదే ఆదాయపన్ను అనుకునే కొత్తవాళ్లూ ఉన్నారు. అది వృత్తి పన్ను, రాష్ట్రానికి వెళ్తుంది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెల జీతం 20 వేలు దాటితే 200, అంతకు తక్కువైతే 150, 15 వేల లోపైతే ఏమీ లేదు. ఇది రిటర్నులో వెనక్కి రాదు.

పట్టుకోవడం ఉంటే కంగారు, లేకపోతే నిశ్చింత. స్వయం ఉపాధి వాళ్లను ముంచేది ఈ రెండోదే. విశాఖలో ఇంట్లోనే కూర్చుని అమెరికా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే వ్యక్తికి ఏడాదికి 40 లక్షలు వచ్చాయనుకుందాం. విదేశాల నుంచి వచ్చే సొమ్ములో టీడీఎస్ పట్టుకునేవారు ఉండరు. సగం దారిలో వెళ్లినా ఆదాయం 20 లక్షలు, పన్ను 2 లక్షల 8 వేలు. అతను మార్చి 15లోగా తనంతట తానే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి. ఇలాంటి అంచనా లెక్కల దారి పట్టని వ్యాపారులకూ, వృత్తులవారికీ జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీకి నాలుగు వాయిదాలు. ఏడాది పన్నులో టీడీఎస్ పోను 10 వేలు, అంతకుమించి మిగిలితే ఈ బాధ్యత మొదలవుతుంది. సేవల రాబడి 20 లక్షలు దాటింది కాబట్టి అతనికి జీఎస్టీ నమోదు మరో పని.

టిఫిన్ సెంటరు, కిరాణా కొట్టు వంటి చిన్న వ్యాపారాలకు వేరే కొలత ఉంది. ఫోన్‌పే వంటి వాటిలో వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా చూపితే చాలు. ఏడాదికి 20 లక్షలు ఫోన్లోనూ 10 లక్షలు నగదులోనూ అమ్మిన హోటలుకు లెక్కలో తేలే లాభం 2 లక్షలు. డిజిటల్ చెల్లింపులంటే భయపడే వ్యాపారులు ఈ 6కూ 8కీ ఉన్న తేడా ఒకసారి చూసుకోవాలి. కమీషన్ మీద బతికే ఎల్ఐసీ ఏజెంట్లకు మాత్రం ఈ సౌకర్యం లేదు.

రీఫండ్ ఆశ చూపి దండుకునేవాళ్లూ పుట్టుకొచ్చారు. లేని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ విరాళాలు, ఇలాంటి మినహాయింపులుండే పాత పన్ను విధానం రిటర్నులో రాసి, వచ్చినదాంట్లో వాటా అడుగుతారు. ఇలాంటి మధ్యవర్తుల మీద ఆదాయపన్ను శాఖ 2025 జులైలో దేశంలో అనేకచోట్ల దాడులు చేసింది. నోటీసు వచ్చేది వాళ్లకు కాదు, ఎవరి పాన్ మీద రిటర్ను పడిందో వారికి.

నిజంగా రావలసిన జమను చూసుకోవడానికి ఎవరి దగ్గరకూ వెళ్లక్కర్లేదు. ఆదాయపన్ను పోర్టల్లో ఫారం 26ఏఎస్, దాని పక్కనే వార్షిక సమాచార నివేదిక ఉంటాయి. ఎవరు ఎంత పట్టుకుని కట్టారో వాటిలో కనిపిస్తుంది. మన రచయిత తెరిచి చూస్తే రెండు సినిమాల 60 వేలే ఉన్నాయి, మూడోదాని 30 వేలు లేవు. నిర్మాత పట్టుకుని ఖజానాకు కట్టలేదా? అలా జరిగినా, పట్టుకున్న మేరకు పన్నును మళ్లీ కుర్రాడి దగ్గర వసూలు చేయడానికి వీల్లేదని 1961 చట్టంలోని 205వ సెక్షన్ చెబుతుంది. పట్టుకున్నట్టు చూపడానికి ఒప్పంద పత్రం, బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే.

అయితే ఆ 30 వేల సంగతి అంతదాకా పోకపోవచ్చు. మూడో సినిమా డబ్బు మార్చిలో వచ్చింది. మార్చిలో పట్టుకున్నది కట్టడానికి నిర్మాతకు ఏప్రిల్ 30 దాకా, ఆ మూడు నెలల లెక్క అప్పజెప్పడానికి మే 31 దాకా గడువుంది. కుర్రాడు పోర్టల్ తెరిచింది ఏప్రిల్ రెండో వారంలో. జూన్‌లో మళ్లీ తెరిచి చూడాలి.