కొండెక్కాలంటే చిక్కిపోవాలా?

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం పేరు మీరూ వినే ఉంటారు. సొంత దేశపు పందెమే అయినా 1985లో బెర్నార్ ఇనో తర్వాత ఫ్రెంచివాళ్లెవరూ దాన్ని గెలవలేదు. ఆడవాళ్లలోనూ 1989లో జానీ లోంగోతోనే సరి. మధ్యలో ఏళ్లతరబడి లేకుండాపోయిన మహిళల టూర్ 2022లో మళ్లీ మొదలైంది. 2025 ఆగస్టు 3న దాన్ని గెలిచి ఫ్రాన్స్ నిరీక్షణకి తెరదించింది పొలిన్ ఫెరాన్-ప్రెవో. అప్పటికామెకు 33 ఏళ్లు.

ఆమె నిన్నమొన్న వచ్చిన పిల్లేం కాదు. 2014, 2015ల్లో ఏడాది తిరక్కుండానే రోడ్డు, బురదదారుల సైక్లోక్రాస్, మౌంటెన్ బైక్ మూడింట్లోనూ ప్రపంచ విజేత అయింది. మూడు కిరీటాలూ ఒకేసారి పెట్టుకున్నవాళ్లు అంతకుముందు ఆడా మగా ఎవరూ లేరు. ఆ తర్వాతే కష్టాలు. 2016 రియో ఒలింపిక్స్‌లో మధ్యలోనే దిగిపోయింది. కాలికి రక్తం తీసుకెళ్లే నాళంలో లోపముందని తేలి, రెండుసార్లు ఆపరేషన్ చేయించుకుంది. అయినా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైక్ స్వర్ణం గెలిచాకే రోడ్డు పందేలకు తిరిగొచ్చింది. 2025 ఏప్రిల్‌లో రాళ్లు పరిచిన బాటల మీద సాగే పారిస్-రూబే కూడా గెలిచింది.

అసలు సంగతి ఇక్కడుంది. కొండదారిలో ప్రతి కిలో మోయాల్సిన బరువే. అందుకే టూర్ కోసం ఆమె ఇంకో నాలుగు కిలోలు తగ్గింది. దాదాపు 2,000 మీటర్ల ఎత్తున్న మాదలెన్ కనుమ మీద అందర్నీ వెనక్కి నెట్టేసింది. రెండో స్థానంలో వచ్చిన డెమీ వొలరింగ్ మాత్రం, అంత సన్నబడటం తనకిష్టం లేదంది. పొలినూ దాచలేదు. పోషకాహార నిపుణుల సాయంతోనే తగ్గానని చెబుతూనే, ఇది పూర్తిగా ఆరోగ్యకరం కాదనీ, ఎప్పటికీ ఇలాగే ఉండననీ ఒప్పుకుంది.

గెలిచిన రోజుల్లోనే ఆ మాట చెప్పడం నాకు నచ్చింది. ఎందుకంటే బరువు తగ్గిన ఆడపిల్లని చూడగానే ‘ఎంత బావున్నావే!’ అనడం మనకలవాటు. చేసే శ్రమకు తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు గుల్లబారచ్చు. ఆమె వెనక నిపుణులున్నారు. టీవీలో చూసి అనుకరించే పదిహేనేళ్ల పిల్ల వెనక ఎవరుంటారు?

ఆటలాడే అమ్మాయి మీ ఇంట్లో ఉంటే తప్పకుండా ప్రోత్సహించండి. పతకాలతోపాటు నెలసరి గురించీ అడగండి. కంచంలో వదిలేసిన అన్నం వంక కూడా ఓ కన్నేసి ఉంచండి.