రాయలవారి కిరీటమునకు వెలుగుమణులు



1514వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి ఉదయగిరి దుర్గమును గైకొనిన కథ మన సీమలో బాలురకు సైతము తెలిసినదే. ఆ కథను నాటకముగా నాడుటకై మా మనుమడు అట్టతో కిరీటముచేసి, మణులకు బదులుగా ఎఱ్ఱని ఎల్‌.ఇ.డి. దీపములు పొదుగబూనెను. మొదటి దీపమును తొమ్మిది వోల్టుల బ్యాటరీకి తగిలింపగానే తళుక్కున వెలిగి ఆఱిపోయెను. దీపము నాసిరకమని పిల్లవాడు కంటతడి పెట్టుకొనెను. నేనును మొదట నట్లే తలచితిని. కాని దోషము దీపముది కాదు, మాది.

ఆత్మకూరు రైతులకు చెఱువుతూమును గూర్చి నేను చెప్పవలసినది లేదు. నిండుచెఱువునకు గండికొట్టినచో పైరు తడియదు, కొట్టుకొనిపోవును. పాత టార్చిబల్బులోని తీగ వేడెక్కినకొలది ప్రవాహమును తానే కొంత నిలువరించును. ఎల్‌.ఇ.డి.కి ఆ గుణము లేదు. తనకు వలసిన వోల్టులకంటె కొంచెము హెచ్చినను ప్రవాహము మిక్కుటమై అది కాలిపోవును. కావున దానికొక తూము కావలెను. అదియే రెసిస్టరు.

దాని కొలత తెలియుటకు తీసివేతయు భాగహారమును చాలును. బ్యాటరీ వోల్టులనుండి దీపపు వోల్టులను తీసివేసి, శేషమును ప్రవాహముచే భాగింపవలెను. వచ్చిన లబ్ధమే ఓములు. జర్మనుపండితుడగు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రమే దీనికి మూలము.

ఎఱ్ఱదీపమునకు సుమారు 2 వోల్టులు. తొమ్మిదిలో రెండు పోగా ఏడు. ఇట్టి చిన్నదీపములకు సాధారణముగా 20 మిల్లీ ఆంపియరులు మించరాదు. కిరీటమునకు 10 చాలును. అనగా ఆంపియరులో నూఱవవంతు. ఏడును దానిచే భాగించిన 700 వచ్చును. ఆ కొలత అంగడిలో సామాన్యముగా దొరకదు; దానికి పైది 820. పెద్దది కొనుటయే క్షేమము. వెలుగు రవంత తగ్గును, దీపము బ్రతుకును. పావువాట్టు రకము చాలును. నాలుగుచారల రెసిస్టరుపై బూడిద, ఎఱుపు, గోధుమరంగులు మొదట వరుసగా నున్నచో అది 820 అని గుర్తు. తెల్లదీపమునకు, నీలిదీపమునకు సుమారు 3 వోల్టులు గనుక 600 వచ్చును, 680 కొనవలెను.

మూడు ఎఱ్ఱదీపములను ఒకదానివెనుక నొకటిగా కూర్చినచో ఆఱు వోల్టులు వానికే పోవును, శేషము మూడు, 330 ఓములది ఒక్కటి చాలును. ప్రక్కప్రక్కగా కలిపినచో దీపమునకొక రెసిస్టరు వేఱుగా నుండవలెను. ఒక్కదానినే పెట్టినచో దీపములు ప్రవాహమును సమముగా పంచుకొనవు. దీపముయొక్క పొడవుకాలు బ్యాటరీ ధనధ్రువమువైపునకు రావలెను.

ఒక్క హెచ్చరిక. ఈ లెక్క చిన్నబ్యాటరీలకు మాత్రమే. తలపై ధరించు వస్తువునకు ఇంటికరెంటు నెన్నడును తగిలింపరాదు.

మా మనుమడు ఈ లెక్క తానే వేసెను. రాయలవారి మణులు నాటకమంతయు వెలిగినవి. బాలు రిట్టి పనికి పూనినపుడు వ్యర్థమని కసరుట మన పెద్దలకు అలవాటు. దానికి మాఱుగా ప్రక్కన కూర్చుండి ఆ తీసివేత చేయింతుము గాక.