మానని చేతి ఎగ్జిమా: కారణము, కాపుదల, చికిత్స

రైతునకు ఎన్ని పనిముట్లు ఉన్నను, అన్నిటికంటె ముందు కావలసినవి ఆతని రెండు చేతులు. నాగలి విరిగినచో వడ్రంగి బాగుచేయును. ట్రాక్టరు చెడినచో మెకానిక్కు వచ్చును. చేయి చెడినపుడు మాత్రము చాలమంది "అదే తగ్గును" అని ఊరకుందురు. దురద, పొక్కులు, పగుళ్లు ఏండ్ల తరబడి భరించుదురు. పగిలిన చేతితో కొడవలి పట్టలేక కూలి పోగొట్టుకొనువారు, పగుళ్లలో పురుగుమందు పడి మంటతో నిద్ర లేనివారు మీ ఊరిలోను ఉండవచ్చును.

ఒక మాట మొదటనే గ్రహించవలెను. ఎగ్జిమా మానకపోవుటకు కారణము తరచుగా మందు చాలకపోవుట కాదు; చేతికి హాని చేయు వస్తువు ప్రతిదినము మరల తగులుచుండుటయే. గండి పూడ్చక చేనిలోని నీటిని ఎంత తోడినను ఏమి ప్రయోజనము?

ఎగ్జిమా అనగా నేమి?

చర్మపు పైపొర చేనిగట్టు వంటిది. అందులోని సహజమైన జిడ్డు లోపలి తేమను బయటికి పోనీయదు. బయటి మందులను, క్రిములను లోపలికి రానీయదు. ఎడతెగని తడి, సబ్బు, సున్నము, ఎరువుల వలన ఈ జిడ్డు పోయి గట్టు బలహీనపడును. అపుడు చర్మము ఎర్రబడి, దురద పెట్టి, పొలుసులు లేచి, మడతల వద్ద పగులును. కొందరికి అరచేతులందు, వ్రేళ్ల ప్రక్కల సగ్గుబియ్యపు గింజలవంటి నీటిపొక్కులు లేచును.

పనిచేయు చేతులకు ఇది ముఖ్యముగా రెండు విధములుగా వచ్చును. మొదటిది చర్మము అరిగిపోవుట వలన వచ్చునది. తడి, బట్టల సబ్బు పొడి, యూరియా, సిమెంటు వంటివి చాలకాలము తగిలినచో ఎవరి చేతినైనను పాడుచేయును. రోజుకు 2 గంటలకు మించి చేతులు తడిలో ఉండుట, లేక 20 సార్లకు మించి కడుగుట హానికరమని చర్మవైద్యులు లెక్కింతురు. నాట్ల కాలములో దినమంతయు బురదలో ఉండు చేతుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవది ఎలర్జీ, అనగా ఒక వస్తువు ఒంటికి పడకపోవుట. "ఇరవై ఏండ్లుగా ఇదే మందు వాడుచున్నాను, ఇపుడెట్లు వచ్చును?" అని రైతులు అడుగుట కలదు. ఎలర్జీ నడక అట్టిదే. ఏండ్ల తరబడి పడిన వస్తువే ఒకనాటి నుండి పడకపోవును. పిమ్మట అది కొద్దిగా తగిలినను చాలును. తగిలిన వెంటనే గాక, తరచుగా 1 నుండి 3 రోజులకు దురద లేచుటచే కారణము తెలియక పోవును.

ఎగ్జిమా అంటువ్యాధి కాదు. ఆ చేతితో వండిన అన్నము తినినను, ఆ చేయి పట్టుకొనినను ఇతరులకు రాదు. వేరు చెంబు, వేరు కంచము పెట్టి మనిషిని నొప్పింపరాదు.

పోలికగల ఇతర వ్యాధులు

ఒక్క చేయి మాత్రమే పొలుసులుగా ఉండి, పాదములు కూడ పొలుసు బారియున్నచో అది తామర కావచ్చును. దురద రాత్రులందు హెచ్చి, వ్రేళ్ల సందులలో పొక్కులు లేచి, ఇంటిలో మరి కొందరికి కూడ దురద ఉన్నచో గజ్జి కావచ్చును. ఈ రెండును అంటుకొనును. వీటి మందులు వేరు. కనుక మొదట వైద్యునకు చూపి వ్యాధిని నిర్ణయించుకొనవలెను.

కారణమును పట్టుకొను విధము

ఒక నోటు పుస్తకములో 3 వారములు లెక్క వ్రాయుడు. ఏనాడు ఏ పని చేసితిరి, చేతికి ఏది తగిలినది, దురద హెచ్చెనా తగ్గెనా అని రోజుకు రెండు పంక్తులు చాలును. ఊరికి పోయి పని మానిన రోజులలో చేయి తేరుకొని, తిరిగి పనిలో దిగిన రెండు మూడు రోజులకు చెడినచో, కారణము ఆ పనిలోనే ఉండవచ్చును. ఈ క్రింది వానిని ప్రత్యేకముగా గమనించుడు.

వయ్యారిభామ: మన దేశమున 1950 దశకములో పూనా వద్ద మొదట గుర్తింపబడిన ఈ కలుపు నేడు గట్లన్నిటిపై కలదు. వట్టి చేతులతో పీకువారికి చేతులందు, దాని పొడి గాలికి లేచుటచే ముఖము, మెడ, మోచేతి మడతలందు కూడ ఎగ్జిమా వచ్చును.

విత్తనశుద్ధి మందులు: థైరమ్, కాప్టాన్, మాంకోజెబ్ వంటివి కొందరికి ఎలర్జీ కలిగించును. విత్తనములకు మందును చేతితో కలుపక, మూత గల డ్రమ్ములో వేసి త్రిప్పవలెను. థైరమ్ జాతికి చెందిన పదార్థములే రబ్బరు తయారీలోను వాడుదురు. కనుక థైరమ్ పడనివారికి రబ్బరు తొడుగులు వేసికొన్నను వ్యాధి హెచ్చవచ్చును.

సిమెంటు: ఇందులోని క్రోమియము లవణములు తాపీపని వారికి మొండి ఎగ్జిమా కలిగించును.

జీడిపిక్కలు: జీడిపిక్కల పెంకులోని నూనె చర్మమును పొక్కించును. పలాస ప్రాంతమున జీడిపిక్కలు ఒలుచు స్త్రీలు దీనిని బాగుగా ఎరుగుదురు.

వెల్లుల్లి: వంట చేయు స్త్రీలకు, వెల్లుల్లిని పట్టుకొను చేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమి వ్రేలి కొనలు మాత్రమే పగిలినచో కారణము ఇదే కావచ్చును.

లెక్క వ్రాసినను తెలియనిచో ప్యాచ్ పరీక్ష కలదు. 1895లో జర్మను వైద్యుడు జోసెఫ్ జడాసోన్ ఈ పద్ధతిని ప్రకటించెను. అనుమానపు పదార్థములను తగు పాళ్లలో వీపునకు అతికించి, 48 గంటలకు తీసి, ఎర్రబడిన చోటులను అపుడును, మరల ఒకటి రెండు రోజులకును చూతురు. పెద్ద ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగమున దీనిని గూర్చి విచారింపుడు. పోవునపుడు మీ లెక్క పుస్తకమును, మీరు వాడు మందుల లేబిళ్లను తీసికొనిపొండు. పురుగుమందును స్వయముగా చర్మముపై పూసి పరీక్షించుట ప్రమాదము.

చేతిని కాపాడుకొనుట

తడి పనికి, మందు పనికి తొడుగులు వేసికొనుడు. లోపల పలుచని నూలు తొడుగు వేసి, పైన నీరు చొరని తొడుగు వేసికొనవలెను. చెమటకు నూలు తొడుగు తడిసినచో వెంటనే మార్చవలెను. చిరిగిన తొడుగు, లోపల మందు పడిన తొడుగు వట్టి చేతికంటె చెడ్డది. చేయి పగిలియున్నంత కాలము పురుగుమందు పని ఇతరులకు అప్పగింపుడు.

చేతులను చల్లని లేక గోరువెచ్చని నీటితో, తక్కువ సబ్బుతో కడిగి, అద్ది తుడువవలెను. ట్రాక్టరు మడ్డి పోవుటకు కిరసనాయిలు, పెట్రోలు వాడరాదు. కడిగిన ప్రతిసారి వాసన, రంగు కలపని వాజలైను రాయవలెను. రాత్రి దట్టముగా రాసి, నూలు తొడుగులు వేసికొని పండుకొనుడు. ఇది చవుకయైనను చికిత్సలో సగభాగము.

మందు వాడు విధము

పొక్కులు చితికి నీరు కారుచున్నచో, పొటాషియం పర్మాంగనేటును లీటరు నీటికి 100 మిల్లీగ్రాముల చొప్పున పూర్తిగా కరగించి, లేత గులాబి రంగు నీటిలో చేతులను 10 నుండి 15 నిమిషములు ఉంచవచ్చును. కరగని పలుకులు చర్మమును కాల్చును. గోళ్లు కొంత గోధుమరంగు తేరును. చేయి ఆరిన పిదప ఇది మానవలెను.

వాపునకు, దురదకు వైద్యులు స్టిరాయిడ్ పూతమందు నిత్తురు. చర్మవ్యాధులకు ఈ జాతి మందు 1952 నుండి వాడుకలో కలదు. చూపుడు వ్రేలి కొన నుండి మొదటి గీత వరకు ట్యూబును పిండినచో సుమారు అర గ్రాము వచ్చును. ఒక చేయి రెండు ప్రక్కలకు ఇది చాలును. వైద్యుడు చెప్పినన్ని రోజులు రాసి, ఆయన చెప్పిన రీతిగనే తగ్గించుకొనుచు రావలెను. దురద తగ్గగనే మందు మానుట, తగ్గినదని మరునాడే బురదలో దిగుట వలన వ్యాధి తిరుగబెట్టును. పైకి చర్మము మానినట్లు కన్పించినను లోపలి బలము తిరిగి వచ్చుటకు కొన్ని నెలలు పట్టును. వీటికి లొంగని ఎగ్జిమాకు ప్రత్యేక కాంతి చికిత్స, మాత్రలు కలవు. అవి చర్మవైద్యుని పర్యవేక్షణలోనే జరుగవలెను.

చేయి వాచి చీము పట్టినను, జ్వరము వచ్చినను, ఎర్రని చార చేతిపైకి ప్రాకినను ఆలస్యము చేయక ఆ రోజే ఆసుపత్రికి పోవలెను.

చేయరానివి

అంగడిలో అడిగి తెచ్చిన అన్నిమందుల మిశ్రమపు ట్యూబు వాడరాదు. అందులోని స్టిరాయిడు వలన తామర ఉన్నచో ముదురును. ఎక్కువ కాలము వాడినచో చర్మము పలుచబడును. 2018లో కేంద్ర ప్రభుత్వము పలు స్టిరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీపైననే అమ్మవలెనని నియమించినది. నల్లజీడి రసము, బ్యాటరీ నీరు, సున్నము పెట్టుట చేతిని కాల్చుకొనుటయే. వంకాయ, చేప మానినంత మాత్రమున చేతి ఎగ్జిమా పోవుట అరుదు. నోటిలోనికి పోవుదానికంటె చేతికి తగులుదానిని ముందు చూడవలెను.

గ్రామాధికారులకు

వయ్యారిభామను పూత రాకమునుపే పీకించుడు. ఆ పనిచేయు కూలీలకు తొడుగులిప్పించుడు. ఒంటికి పడనివారిని ఆ పనికి పంపకుడు. చేతులు పగిలినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. "సోమరితనముతో పనికి రాలేదు" అని నిందించుటకు ముందు ఆ అరచేతులను ఒకసారి చూడుడు.

రైతు సోదరులారా, సోదరీమణులారా! నేటి రాత్రి దీపము వద్ద మీ చేతులను చూచుకొనుడు. పగులు కన్పించినచో నోటు పుస్తకము తీసి, ఈనాడు చేతికి తగిలినదేమో మొదటి పంక్తి వ్రాయుడు. చికిత్స అక్కడనే మొదలగును.